పరదేశపు దారిలో రెండు పత్రాలు

ఇంగ్లండు ఆగ్నేయ తీరాన డోవర్ అనే రేవు ఉన్నది. అక్కడ ఓడ ఎక్కితే సుమారు గంటన్నరలో ఫ్రాన్సు తీరాన కలే రేవు చేరవచ్చును. వేసవి వచ్చినదంటే ఆ ఓడల అడుగు అంతస్తులో మోటారు సైకిళ్లు బారులు తీరి ఉంటవి. వాటిని పట్టీలతో నేలకు బిగించి కట్టి, వచ్చినవారు పై అంతస్తుకు పోయి కాఫీ త్రాగుతూ సముద్రం చూస్తారు. ఆ గంటన్నరలో బండి మారలేదు, నడిపే మనిషీ మారలేదు. కాని అతని జేబులోని బీమా పత్రానికి అర్థం మారిపోయినది. డోవర్‌లో అతని బండికి ఏ రక్షణ ఉన్నదో కలేలోనూ అదే ఉన్నదని చెప్పడానికి వీలులేదు. ఈ మాట నేను ముందుగా చదివి తెలుసుకొన్నది కాదు. ఒక వృద్ధుని మణికట్టు విరిగిన తరువాత తెలుసుకొన్నది.

విదేశాలలో మోటారు సైకిలు ప్రయాణం మనకేమి పట్టినదని కొందరు శ్రోతలు అనుకొనవచ్చును. చదువులకు, ఉద్యోగాలకు బ్రిటన్ పోయి స్థిరపడిన తెలుగువారు నేడు చాలామంది ఉన్నారు. వారిలో సెలవులు వస్తే మోటారు సైకిలు మీద యూరపు చూచి రావలెనని సరదాపడేవారు ఉన్నారు. ఇక హైదరాబాదు నుండి, విజయవాడ నుండి బయలుదేరి నేపాలు, భూటాను దాకా పోయి వచ్చే యువకులను మనమందరమూ ఎరుగుదుము. దారులు వేరైనా వీరందరికీ కావలసిన జాగ్రత్త ఒక్కటే.

పొలిమేర దాటే మోటారు సైకిలువాని దగ్గర ముఖ్యంగా రెండు పత్రాలు ఉండవలెను. మొదటిది బీమా. రెండవది బ్రేక్‌డౌన్ కవర్, అనగా దారిలో బండి ఆగిపోతే వచ్చి ఆదుకొంటామనే ఒప్పందం. రెండింటినీ ఒకే కంపెనీ అమ్మవచ్చును, ఒకే కవరులో పెట్టి పంపవచ్చును. అయినప్పటికీ అవి రెండు వేరువేరు ప్రశ్నలకు సమాధానాలు. ‘నావల్ల ఒకరికి హాని కలిగితే ఆ ఋణం ఎవరు తీరుస్తారు?’ అన్నది మొదటి ప్రశ్న. ‘నా బండి కదలకపోతే నేను ఇల్లు చేరడమెట్లు?’ అన్నది రెండవ ప్రశ్న. ఒకదానికి తెచ్చుకొన్న సమాధానం రెండవదానికి కూడా సరిపోతుందని భ్రమపడడంలోనే మనవారి కష్టాలన్నీ పుడుతున్నవి.

ముందు బీమా సంగతి చూతము. రోడ్డు మీద మోటారు నడిపే ప్రతివాడూ ఇతరులకు కలిగించగల హానికి పూచీ చూపి తీరవలెనని బ్రిటన్ 1930లో చట్టం చేసినది. మన దేశంలో 1939 నాటి మోటారు వాహనాల చట్టం ఆ సూత్రాన్నే తీసుకొన్నది. నేడు అది 1988 చట్టంలో 146వ సెక్షనుగా ఉన్నది. దీనినే థర్డ్ పార్టీ బీమా అంటారు. బండివాడు ఒక పక్షం, కంపెనీ ఒక పక్షం, దారిన పోయే అపరిచితుడు మూడవ పక్షం. ఒప్పందం మీద ఆ మూడవవాని సంతకం ఉండదు. అతనికి ఆ ఒప్పందం ఉన్నట్లయినా తెలియదు. అయినా చట్టం ఈ బీమాను నిర్బంధం చేసినది అతనికోసమే.

చట్టమన్నది దేశం పొలిమేర దగ్గర ఆగిపోతుంది గదా. లండనులో బీమా చేసిన బండి పారిసు వీధిలో ఒకరిని పడవేస్తే బాధితుడు సముద్రం దాటి వచ్చి ఏ కంపెనీని అడుగవలెను? ఏ భాషలో అడుగవలెను? రెండవ ప్రపంచ యుద్ధం తరువాత మోటార్లు సరిహద్దులు దాటడం ఎక్కువైనకొద్దీ ఈ చిక్కు పెద్దదైనది. దీనికి ఉపాయంగా ఐక్యరాజ్య సమితివారి యూరపు ఆర్థిక సంఘం 1949 జనవరిలో ఒక సిఫారసు చేసినది. దానిని అనుసరించి 1953 జనవరి 1 నుండి గ్రీన్ కార్డు పద్ధతి అమలులోనికి వచ్చినది. ఇందులో చేరిన ప్రతి దేశంలోనూ బీమా కంపెనీలకు ఉమ్మడిగా ఒక బ్యూరో ఉంటుంది. పారిసులో గాయపడినవాడు ఫ్రాన్సు బ్యూరోను ఆశ్రయిస్తే చాలును. ఆ బ్యూరో ఫ్రాన్సు చట్టం ప్రకారం పరిహారం ఇప్పించి, ఆ సొమ్మును బండివాని దేశం నుండి రాబట్టుకొంటుంది.

పత్రం ఆకుపచ్చ కాగితం మీద అచ్చయ్యేది కనుక ఆ పేరు వచ్చినది. 2020 జూలై నుండి తెల్లకాగితం మీద నల్ల అక్షరాలతో ఉన్నా చెల్లుతున్నది. బ్రిటన్ బండ్లు యూరోపియన్ యూనియన్ దేశాలలో ఈ కార్డు చూపవలసిన పని 2021 ఆగస్టు 2 నుండి తప్పిపోయినది. మొరాకో, టర్కీ వంటి దేశాలకు పోయేవారికి మాత్రం తప్పలేదు. కార్డు చూపనక్కరలేదంటే బీమా అక్కరలేదని అర్థం కాదు. యూనియన్ నిబంధనల ప్రకారం మూడవ పక్షపు బీమాలో, శరీర గాయాలకు ఒక్కొక్క బాధితునికి 13 లక్షల యూరోలకు గాని, ఒక్కొక్క ప్రమాదానికి 64 లక్షల 50 వేల యూరోలకు గాని తగ్గని రక్షణ ఉండవలెను. ఆస్తి నష్టానికి ఒక్కొక్క ప్రమాదానికి 13 లక్షల యూరోలకు తగ్గరాదు.

ఇంతవరకు విన్నవారికి బీమా సముద్రం దాటి మనతో వచ్చినట్లే తోచును. వచ్చినదే. కాని వచ్చినది మూడవవాని కోసం. మన బండికి ఇంటి దగ్గర సమగ్ర బీమా ఉండవచ్చును, అనగా దొంగతనానికీ, మన బండికే కలిగే నష్టానికీ రక్షణ ఉండవచ్చును. విదేశంలో అడుగుపెట్టగానే అది చట్టం విధించిన కనీస రక్షణకు దిగిపోయే పాలసీలు ఎన్నో ఉన్నవి. కొన్నింటిలో సమగ్ర రక్షణ నిలిచినా, ఏడాదిలో ఇన్ని రోజులే అన్న పరిమితి ఉంటుంది. నేను పొరబడినది ఇక్కడనే.

కొన్నేండ్ల క్రిందట నేను బర్మింగ్‌హామ్‌లో ఇంజనీరు ఉద్యోగం చేస్తూ ఉండేవాడను. వేసవి సెలవులలో ఒంటరిగా ఫ్రాన్సు పోవలెనని సంకల్పించి, పాలసీల ధరలు ప్రక్కప్రక్కన వ్రాసుకొని, అన్నింటికన్నా చవకైన బీమా, చవకైన బ్రేక్‌డౌన్ కవరు కొన్నాను. రెండు కాగితాలూ సంచిలో పెట్టుకొన్నాను. చదవలేదు.

రెండవనాటి ఉదయం పికార్డీ ప్రాంతంలో ఒక పల్లెలో రొట్టెల దుకాణం ముందు ఆగి, తిని, మళ్లీ బండి ఎక్కినాను. ఫ్రాన్సులో రోడ్డుకు కుడిప్రక్క నడపవలెను. ఎదుట ఏదైనా బండి వస్తూ ఉంటే దానిని చూచి కుడిప్రక్కకు పోయి ఉండేవాడనే. రోడ్డు ఖాళీగా ఉన్నది. చేతులు తమకు తెలిసిన దారినే పట్టినవి. రాజమండ్రిలో నేర్చినది ఎడమప్రక్క, బర్మింగ్‌హామ్‌లో నడిపినదీ ఎడమప్రక్క. రెండు వందల గజాలు పోయినానో లేదో, మలుపులోనుండి ఒక వృద్ధుడు సైకిలు మీద ఎదురు వచ్చినాడు. నేను బ్రేకు వేసి ప్రక్కకు త్రిప్పినాను. బండి ముందు చక్రం రాతిగోడకు కొట్టుకొన్నది. హాండిలు కొస ఆయన సైకిలుకు తగిలినది. ఆయన చేయి నేలకు ఆనించి పడినాడు. కుడి మణికట్టు విరిగినది.

రొట్టెల దుకాణం యజమానురాలు పరుగున వచ్చి 112కు ఫోను చేసినది. అది యూరపులో ఏ దేశంలోనైనా పనిచేసే అత్యవసర నంబరు. అంబులెన్సు వచ్చేలోగా ఆమె ఒక అచ్చు ఫారం తెచ్చినది. ప్రమాదం జరిగినప్పుడు ఇరుపక్షాలవారూ కలిసి పూర్తిచేసే ఫారం అది. యూరపు అంతటా ఒకే నమూనాలో ఉంటుంది కనుక భాష రానివాడు కూడా తన దేశపు ప్రతితో పోల్చుకొని నింపవచ్చును. ఎవరి బండి ఎటునుండి వచ్చినదో బొమ్మ గీయడానికి అందులో చోటు ఉన్నది. నేను గీచినాను. నా బండి ఉండకూడని ప్రక్కన ఉన్నదని ఆ బొమ్మే చెప్పినది. ఆ వృద్ధుడు దానిని చూచి, తల ఊపి, ఎడమ చేతితో సంతకం చేసినాడు.

ఆయన సంగతి తరువాత చెబుతాను. ముందు నా బండి సంగతి. ముందు ఫోర్కు వంగిపోయినది, చక్రం తిరగడం లేదు. బ్రేక్‌డౌన్ కంపెనీకి ఫోను చేసినాను. ‘ఇది యంత్రం చెడిపోవడం కాదు, ప్రమాదం. బీమావారిని అడగండి’ అన్నారు. బీమావారిని అడిగినాను. ‘విదేశంలో మీ పాలసీ మూడవ పక్షానికి మాత్రమే. మీ బండి మీ బాధ్యత’ అన్నారు. ఒకరు అన్నది అబద్ధం కాదు, రెండవవారు అన్నదీ అబద్ధం కాదు. ఇద్దరూ తమ కాగితంలో ఉన్నదే చదివి వినిపించినారు. ఆ రెండు కాగితాల నడుమ ఒక సందు ఉన్నది. నా బండి సరిగా ఆ సందులో పడినది. లారీ మీద గ్యారేజీకి చేర్చడానికి ఒక ఖర్చు, అక్కడ ఉంచినందుకు రోజుకింత అని మరొక ఖర్చు, మరమ్మతుకు ఇంకొక ఖర్చు. మూడు వారాల తరువాత రైలులో వెళ్లి బండి తెచ్చుకొన్నాను. చవక అని మిగుల్చుకొన్న పైకానికి ఎన్నో రెట్లు ఆ పల్లెలో వదలి వచ్చినాను.

చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొన్నట్లు, అటుపిమ్మట నేను ఆ కాగితాలు చదివినాను. ఇతరుల కాగితాలు కూడా అడిగి తెచ్చుకొని చదివినాను. అందువల్ల తెలిసినదేమనగా, పాలసీలను పోల్చవలసినది ధర దగ్గర కాదు, కొన్ని ప్రశ్నల దగ్గర.

బీమాను మొదట అడుగవలసినది: ఏయే దేశాలు, ఎన్ని రోజులు, ఏ స్థాయి రక్షణ? వెనుక కూర్చొన్నవారికి వర్తిస్తుందా? రెండవది: దేనిని మినహాయించినారు? జర్మనీలో న్యూర్‌బుర్గ్‌రింగ్ అనే ప్రసిద్ధ పందెపు బాట ఉన్నది. సుమారు 20.8 కిలోమీటర్ల పొడవు. పందేలు లేని రోజులలో రుసుము చెల్లించి మోటారు సైకిళ్లు కూడా నడపడానికి 2024 దాకా వీలుండేది. ఇది రోడ్డే గదా అనుకొని దిగే సందర్శకులు ఎందరో ఉండేవారు. అనేక బ్రిటిష్ పాలసీలు పందెపు బాటలతో పాటు దీనిని పేరు పెట్టి మరీ మినహాయిస్తవి.

ఇక బ్రేక్‌డౌన్ కవరు. దీని చరిత్రలో మోటారు సైకిలుకు పెద్ద స్థానమే ఉన్నది. నేడు జర్మనీలో కార్లవారికి పెద్ద దిక్కుగా ఉన్న ఏ.డి.ఏ.సి. సంఘం 1903లో స్టుట్‌గార్ట్ నగరంలో మోటారు సైకిలువారి సంఘంగా పుట్టినది. ఇప్పటి పేరు 1911లో వచ్చినది. 1905లో వెలసిన బ్రిటన్ ఆటోమొబైల్ అసోసియేషన్ వారి పనివారు ఎన్నో ఏండ్లు ప్రక్కబండి తగిలించిన మోటారు సైకిళ్ల మీద పనిముట్లతో తిరుగుతూ కార్లకు సాయం చేసినారు. అయినా నేటి ఒప్పందాలు చాలవరకు కారును తలచుకొని వ్రాసినవే. చాలా కార్లకు అదనపు చక్రం ఉంటుంది, మోటారు సైకిలుకు ఉండదు. కాబట్టి పంక్చరుకు వస్తారా, వస్తే ఎంతదూరం మోసుకొని పోతారు అన్నది అడిగి తెలుసుకొనవలెను. కొన్ని కంపెనీలు ఇంజను మరీ చిన్నదైనా, బండి మరీ పాతదైనా ఒప్పుకొనవు. ప్రమాదం తరువాత బండిని తరలిస్తారా అన్న ప్రశ్న నాకు ఎంత ఖరీదైనదో చెప్పినాను. తరలిస్తామనే కంపెనీలు కూడా ఉన్నవి.

మరొక ప్రశ్న: సాయం వారే పంపుతారా, లేక మనము చెల్లించి తరువాత అడుగవలెనా? ఫ్రాన్సులో పెద్ద సుంకపు రహదారుల మీద బండి ఆగితే మన కంపెనీ మనిషి అక్కడికి రావడానికి వీలులేదు. దారి ప్రక్కన ఉండే నారింజ రంగు టెలిఫోను పెట్టె నుండి పిలువవలెను. అనుమతి పొందిన స్థానిక సంస్థ వచ్చి బండిని తీసుకొనిపోతుంది. దాని రుసుము ప్రభుత్వం నిర్ణయించినది. రాత్రివేళ, సెలవు దినాలలో అది హెచ్చు. ఆ పైకం చెల్లించి రసీదు భద్రపరచుకొంటే తరువాత మన కంపెనీని అడుగవచ్చును. ఈ సంగతి తెలియనివాడు రహదారి అంచున గంటలకొద్దీ తన కంపెనీ బండికోసం ఎదురుచూస్తూ ఉంటాడు.

అన్నింటికన్నా మెలిక గల షరతు బండిని స్వదేశానికి చేర్చడం గురించినది. ఆ ఖర్చు బండి విలువను మించరాదని చాలా ఒప్పందాలలో ఉంటుంది. నా మిత్రుడొకరికి ఇరవై ఏండ్లు దాటిన మోటారు సైకిలు ఉన్నది. ఇంగ్లండు వచ్చిన కొత్తలో మొదటి జీతాలు కూడబెట్టి కొన్నది కనుక దానిమీద ఆయనకు మమకారం. స్పెయిన్ పర్వతాలలో దాని గేరుబాక్సు పగిలినది. కంపెనీవారు ఆయనను విమానంలో పంపుతామన్నారు గాని, బండిని తేవడం దాని విలువను మించుతుంది కాబట్టి తేలేమన్నారు. అరకాసు పనికి ముప్పాతిక బాడుగ అన్న సామెత వారి లెక్కకు సరిపోయినది. కాని మమకారానికి మార్కెట్టు ధర ఉండదు గదా. ఆయన స్వంత ఖర్చుతో బండిని తెచ్చుకొన్నాడు. ప్రయాణానికి ముందే ఆ షరతు చదివి ఉంటే పాత బండిని ఇంట ఉంచి మరొకటి అద్దెకు తీసుకొనేవాడనని ఇప్పటికీ అంటాడు.

ఏడాది పొడుగునా వర్తించే కవరు మంచిదా, ఒక్క ప్రయాణానికి తీసుకొనేది మంచిదా అని అడిగేవారు ఉన్నారు. ఏడాదిలో ఒక్కసారి పోయేవానికి ఒక్క ప్రయాణపు కవరు చాలును. తరచుగా పోయేవానికి వార్షికం లాభం. కాని వార్షిక కవరులో కూడా ఒక్కొక్క ప్రయాణం ఇన్ని రోజులు మించరాదన్న పరిమితి ఉండవచ్చును. ఇక మన శరీరం సంగతి. పై రెండు పత్రాలూ మన వైద్యానికి పూచీ కావని తలచుట మంచిది. బ్రిటన్ ప్రభుత్వం 2021 నుండి ఇస్తున్న ఆరోగ్య కార్డుతో యూరోపియన్ యూనియన్ దేశాలలో ప్రభుత్వ వైద్యం దొరుకుతుంది. కాని కొండల మీదనుండి దింపడానికి, స్వదేశానికి చేర్చడానికి అది పనికిరాదు. అందుకు ప్రయాణ బీమా వేరుగా ఉండవలెను. అందులోనూ 125 సి.సి. మించిన మోటారు సైకిలు నడిపితే చెల్లదనే షరతు తరచుగా కనిపిస్తుంది.

ఇప్పుడు మన ఊళ్లనుండి నేపాలు, భూటాను పోయేవారికి ఒక మాట. మన పాలసీలో భౌగోళిక పరిధి అని ఒక పంక్తి ఉంటుంది. అక్కడ ‘భారతదేశం’ అని మాత్రమే ఉంటే సునౌలీ గాని, రక్సౌల్ గాని దాటిన మరుక్షణం ఆ పత్రం ఉత్త కాగితం. 2002 నాటి ఇండియా మోటారు టారిఫ్‌లో దీనికి మార్గం చూపినారు. అదనపు ప్రీమియం చెల్లిస్తే బంగ్లాదేశ్, భూటాను, నేపాలు, పాకిస్తాను, శ్రీలంక, మాల్దీవులు అనే ఆరు దేశాలకు పరిధిని విస్తరింపజేసుకొనవచ్చును. ఓడలో గాని విమానంలో గాని బండిని తరలించేటప్పుడు కలిగే నష్టం మాత్రం ఇందులో చేరదు. బయలుదేరడానికి ముందే కంపెనీకి వ్రాసి, ఆ విస్తరణ పాలసీ మీద చేర్పించుకొనవలెను. నేపాలు సరిహద్దులో ‘భన్సార్’ అనే సుంకం కట్టి తీసుకొన్న రసీదును బీమాగా భ్రమపడరాదు. అది బండిని లోపలికి తీసుకొనిపోవడానికి అనుమతి మాత్రమే. మన పాలసీలతో పాటు వచ్చే రోడ్డు సాయం సాధారణంగా దేశం లోపలికే పరిమితం. కనుక కొండదారిలో ట్యూబు మార్చుకొనడం, తెగిన క్లచ్చి తీగ వేసుకొనడం నేర్చుకొని పోవడం మంచిది. అక్కడ అదే మన బ్రేక్‌డౌన్ కవరు.

ఆ వృద్ధుని సంగతి చెబుతానన్నాను. ఫ్రాన్సులో 1985 జూలై 5 నాటి చట్టం ఒకటి ఉన్నది. మోటారు తగిలి గాయపడిన పాదచారికి, సైకిలువానికి గాయాల పరిహారం ముట్టవలసినదే. వారి వంక పొరపాటు ఉన్నదని సాధారణంగా తప్పించుకొనడానికి వీలులేదు. డెబ్బది ఏండ్లు దాటినవారికి ఆ రక్షణ మరింత గట్టిది. ఆయనకు డెబ్బది నాలుగు. బీమావారు ఎనిమిది నెలలలోగా పరిహారం ఇంత అని తెలియజేయవలెనని కూడా ఆ చట్టంలోనే ఉన్నది. తెలియజేసినారు, చెల్లించినారు. నా బండిని సందులో వదలివేసిన ఆ చవక పాలసీయే ఆయన ఋణం పూర్తిగా తీర్చినది. మరుసటి జనవరిలో ఆయన దగ్గరనుండి ఒక కార్డు వచ్చినది. మణికట్టు అతుక్కొన్నదనీ, కొత్త సైకిలు కొన్నాననీ వ్రాసినాడు. అక్షరాలు చక్కగా ఉన్నవి. కుడి చేతితో వ్రాసినవని గ్రహించి తేలికగా ఊపిరి పీల్చుకొన్నాను.

కాబట్టి శ్రోతలకు నా మనవి ఇది. రెండు పత్రాలలో రెండవది మనకోసం. అది లోపిస్తే డబ్బు పోతుంది, రోజులు పోతవి, మనము కష్టపడుతాము. మొదటిది మనకు పేరైనా తెలియని మనిషి కోసం. అది లోపిస్తే ఒకనికి జీవనాధారమే పోవచ్చును. సరిహద్దు దాటే ముందు రెండింటినీ ఒక సాయంకాలం తీరికగా, చివరి పంక్తి దాకా చదవండి. చదివిన తరువాత, బయలుదేరే ఉదయం, హాండిలు మీద ఒక చిన్న కాగితం అంటించి పెట్టుకొనండి. పోయే దేశంలో ఏ ప్రక్కన నడపవలెనో దానిమీద వ్రాయండి. నేను ఇప్పుడు ఆ పని చేస్తున్నాను.